డాబా మీద తీగ

కాస్త ఇటు జరగండర్రా, పొగ అటే కొడుతోంది. ఆ కొబ్బరిమట్ట కొస నెగడులోకి నెట్టు చిన్నా. భోగి రేపు గానీ చలి ఇవాళే వచ్చి కూర్చుంది. ఏవిటీ, ఆ పెట్టె ఇక్కడిదాకా మోసుకొచ్చావా? ఎఫ్.ఎం. ట్యూనరే! చూడనీ. వెండిరంగు మొహం, రెండు మీటర్లు, బరువైన నాబు. వేలితో తోస్తే ఈ చివర నుంచి ఆ చివరికి గిర్రున పోతోంది. ఎంత పెట్టి కొన్నావో మాత్రం చెప్పకు, మీ నాన్న వింటాడు. "తాతయ్యా, ఇంత పేరున్న సెట్టు, బెజవాడ స్టేషను పెడితే బుస్సుమంటోంది, విప్పి చూడు" అంటావు. విప్పను. ముందు ఒకటి చెప్పు. స్టేషను పలికేటప్పుడు ఎడంపక్క మీటర్లో ముల్లు ఎంతదాకా లేచింది? కొంచెమే లేచిందా? కుడిపక్కది? సరిగ్గా నడుమ నిలబడిందా? సరే. సెట్టుకి రోగం లేదు. ఎలా తెలిసిందంటావా? అది తెలియాలంటే నువ్వు నాతో మద్రాసు రావాలి.

మద్రాసు కంటే ముందు ఈ ఊరి సంగతి. నా చిన్నప్పుడు మన వీధికంతటికీ రేడియో ఒక్కటే, మునసబుగారింట్లో. వాల్వుల సెట్టు. స్విచ్చి వేయగానే పలకదు. లోపల దీపాలు ఎర్రబడాలి, ముందు ఆకుపచ్చ కన్ను తెరుచుకోవాలి, అప్పుడు గొంతు. గోడకి ఆ చివర నుంచి ఈ చివరికి ఇత్తడి జాలీ పట్టీ ఒకటి కట్టి ఉండేది, అదే ఏరియల్. దానికి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కూడా కట్టాలి. నవ్వకండి, నిజం. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నేను పుట్టేనాటికే అది ఇంట్లో మనిషైపోయింది. పొద్దున్నే భక్తిరంజని, అందులో బాలమురళి గొంతు. నేను కాస్త పెద్దయ్యాక ఉషశ్రీగారి భారతం. భారతం వస్తుంటే వీధంతా ఆ అరుగు మీదే ఉండేది.

అయితే అదంతా మీడియం వేవు. ఎక్కడో ఒంగోలు వైపు మెరుపు మెరిస్తే ఇక్కడ రేడియో ఫెళఫెళమనేది. పక్క దొడ్లో నీళ్ల మోటారు వేస్తే గుర్రుమనేది. మాట తెలిసేది, పాట తెలిసేది గానీ తంబురా చుట్టూ కమ్ముకుని ఉంటుందే ఆ ఝంకారం, అది మాకు ఎప్పుడూ అందలేదు. మీడియం వేవులో స్టేషనుకీ స్టేషనుకీ మధ్య తొమ్మిదో పదో కిలోహెర్ట్జులు సందు. అంత ఇరుకు సందులో పైస్థాయి ధ్వనులు పట్టవు. ఆ సంగతి అప్పుడెవరికి తెలుసు? రేడియో గొంతంటే అలాగే ఉంటుందనుకున్నాం.

1976లో పని నేర్చుకుందామని మద్రాసు రైలెక్కాను. మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీటు. రెండు మూరల వెడల్పు కొట్లు, ఏ కొట్లో చూసినా విప్పేసిన రేడియోలు, లెడ్డు కరిగిన వాసన. మా ముదలాళి, అంటే యజమాని, తమిళాయన. సినిమా రికార్డింగులవాళ్లు మన తెలుగువాళ్లు చాలామంది ఆయన దగ్గరికి వచ్చేవారు గనక తెలుగు కూడా వచ్చు, తిట్టడానికి మరీ బాగా వచ్చు. సెట్టు పట్టుకుని ఎవరొచ్చినా ఆయన స్క్రూడ్రైవరు ముట్టుకునేవాడు కాదు. "ఏరియల్ ఎక్కడ కట్టారు సార్?" అనేవాడు. అదే మొదటి ప్రశ్న. నాకు విసుగ్గా ఉండేది. పెట్టె విప్పితే కదా పని వచ్చేది!

మరుసటేడు, 1977 జులై 23న, ఆకాశవాణి మద్రాసులో ఎఫ్.ఎం. ప్రసారం మొదలుపెట్టింది. దేశంలో అదే మొదటిది. ఎఫ్.ఎం. పట్టే సెట్టు మా కొట్లో ఒక్కటే ఉంది, అదీ ఎవరో బాగుకిచ్చింది. ముదలాళి దాన్ని స్పీకరుకి కలిపి నాబు తిప్పాడు. బుస్సుమంటున్నదల్లా ఒకచోట టక్కున ఆగిపోయింది. సెట్టు చచ్చిపోయిందనుకుని నేను వెనక వైరు కదిపాను. ఆయన నా చేతి మీద ఒక్కటిచ్చాడు. "ఆగరా, స్టేషనే అది" అన్నాడు. నిజంగానే స్టేషను. అక్కడ పాటకీ పాటకీ మధ్య సందు నడుస్తోంది. అంత నిశ్శబ్దంగా రేడియో ఉండగలదని నా ఊహకి కూడా రాలేదు. తరవాత మృదంగం మొదలైంది. తోలు మీద వేలు పడటం, వేలు లేవడం విడివిడిగా వినిపించాయి. పని వదిలేసి పక్క కొట్లవాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు.

ఆ రాత్రి కొట్టు కట్టాక టీ తాగుతూ ముదలాళి నాకు ఎఫ్.ఎం. కనిపెట్టినాయన కథ చెప్పాడు. పేరు ఆర్మ్‌స్ట్రాంగ్. చంద్రుడి మీదికెళ్లినాయన కాదు, ఈయన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్, న్యూయార్కు మనిషి. 1933లో పేటెంట్లు తీసుకున్నాడు. 1935లో ఇంజనీర్ల సభలో అందరికీ వినిపించాడు. ఊరవతల స్నేహితుడి స్టేషను నుంచి ప్రసారం. ఏం వినిపించాడనుకున్నారు? గ్లాసులోకి నీళ్లు పోసిన చప్పుడు, కాయితం నలిపిన చప్పుడు. అంత చిన్న చప్పుళ్లు గాలిలోంచి వచ్చి గదిలో జరిగినట్టే వినిపించేసరికి సభ బిత్తరపోయింది. కానీ ఆయనకి సుఖం లేదు. 1945లో అమెరికా ప్రభుత్వం ఎఫ్.ఎం. బ్యాండుని 42 నుంచి 50 మెగాహెర్ట్జుల చోటు నుంచి లేపి 88 పైకి మార్చేసింది. జనం అప్పటిదాకా కొన్న సెట్లు అటకెక్కాయి. పెద్ద కంపెనీలతో కోర్టు కేసుల్లో నలిగి నలిగి 1954లో ప్రాణం తీసుకున్నాడు పాపం. ఆయన భార్య ఆ కేసులు వదల్లేదు. చివరి కేసు 1967లో నెగ్గింది.

ఇంతకీ ఆ నిశ్శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముదలాళి మంగలి పని పోలికతో చెప్పాడు, ఇప్పటికీ అంతకంటే బాగా నాకు చెప్పడం రాదు. మీడియం వేవులో పాట కెరటం ఎత్తు మీద ఎక్కుతుంది. మెరుపూ మోటారూ పాడుచేసేది కూడా ఆ ఎత్తునే. అందుకని పాటనీ గరగరనీ విడదీయలేం. ఎఫ్.ఎం.లో పాట కెరటాల వడి మీద ఎక్కుతుంది, ఎత్తుతో పనిలేదు. సెట్టులో లిమిటర్ అని ఒక మంగలి కూర్చుని ఉంటాడు. వచ్చిన కెరటాలన్నిటికీ తల చదునుగా కత్తిరించేస్తాడు. జుట్టుతోపాటు గరగరా కింద పడుతుంది. "అయితే ఒక్కటి గుర్తుంచుకో" అన్నాడు, "కత్తిరించాలంటే తల మీద జుట్టుండాలి. బక్క సిగ్నల్ వస్తే కత్తెరకి ఏమీ అందదు. అప్పుడు మిగిలేది బుస్సే." చూశావా చిన్నా, నీ ఎడం మీటర్లో ముల్లు లేవలేదంటే మంగలి ఊరికే కూర్చున్నాడని అర్థం.

ఆ రోజుల్లో ఎఫ్.ఎం. సెట్టు కావాలంటే జనం బర్మా బజారుకి వెళ్లేవారు. సముద్రం వైపు వరసగా కొట్లు, విదేశీ సరుకు. బేరమాడి సంబరంగా కొనుక్కొచ్చేవారు. ఒకాయన అలాగే ఓ అందమైన జపాను ట్యూనరు తెచ్చాడు. ఒక్క స్టేషనూ పలకదు. ముదలాళి డయలు చూసి నవ్వాడు. 76 నుంచి 90 మెగాహెర్ట్జుల దాకానే అంకెలున్నాయి. జపానువాళ్ల ఎఫ్.ఎం. బ్యాండు అది, వాళ్ల ఇళ్ల కోసం చేసిన సెట్టు. పైగా వాళ్ల కరెంటు 100 వోల్టులు, మన గోడకి నేరుగా తగిలిస్తే ఆ రోజే దినం పెట్టాలి. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, లోపల కాయిల్ చుట్లు ఎడం చేసి ఎలాగో బ్యాండుని పైకి జరిపాం గానీ ఆ డయలు మీద అంకెలు చచ్చేదాకా అబద్ధమే చెప్పాయి.

అసలు పాఠం నాకు మైలాపూరులో వచ్చింది. ఒక వైణికుడు, మన తెలుగాయనే, పిలిపించాడు. మంచి సెట్టు, డాబా మీద పెద్ద యాంటెన్నా, అదీ ట్రాన్స్‌మిటరు వైపే తిప్పి ఉంది. మీటరు ముల్లు చివరికి కొట్టుకుంటోంది. బుస్సు లేదు. మరి బాధేమిటి? "గాయకుడు 'స' అన్నప్పుడల్లా ఇసక నములుతున్నట్టుందయ్యా" అన్నాడు. నేను విన్నాను, నాకేం తెలియలేదు. మళ్లీ విన్నాను. వీణ ఒక్కటే మోగితే బాగానే ఉంది. గొంతు పైకెళ్లి 'స'కారమో 'శ'కారమో పడితే అంచు చిరిగిపోతోంది. నేను సంచీలోంచి స్క్రూడ్రైవరు తీశాను. ముదలాళి నాకు డాబా మెట్లు చూపించాడు.

పైన అదే ఇంటి టీవీ యాంటెన్నా కూడా ఉంది. వాళ్ల టీవీలో మనిషి పక్కన మనిషి నీడ పడుతుందని కిందనే విన్నాను. నాలుగడుగులు వేసి చూస్తే సంగతి కనబడింది. ఓ పక్క పాతిళ్లకి మించి లేచిన కొత్త మేడ. స్టేషను నుంచి వచ్చిన కెరటం నేరుగా ఒకసారి, ఆ గోడకి కొట్టుకుని రవ్వంత ఆలస్యంగా ఇంకోసారి వస్తోంది. టీవీలో అది నీడ. ఎఫ్.ఎం.లో అది ఇసక. ముదలాళి కిటికీ దగ్గర నిలబడ్డాడు, నేను పైన గొట్టం పట్టుకున్నాను. నాలుగువేళ్లంత తిప్పుతాను, కిందనుంచి "లేదు" అంటాడు. ఇంకో నాలుగువేళ్లు. "లేదు." మే నెల ఎండ, గొట్టం చేతిని కాలుస్తోంది. ఒకచోట మాత్రం మాట వినబడలేదు. కిందికి చూస్తే ముదలాళి తువ్వాలు ఊపుతున్నాడు. వైణికుడు కళ్లు మూసుకుని కూర్చున్నాడు.

నేను దిగి మీటరు చూస్తే ముల్లు ఇందాకటి కంటే తక్కువలో ఉంది! సిగ్నల్ తగ్గితే పాట బాగుపడటమేమిటి? ముదలాళి చేతిలో రెండు అగ్గిపుల్లలు చివరలు కలిపి పట్టుకుని చూపించాడు. యాంటెన్నా తీగకి అడ్డంగా వచ్చేది బాగా వినబడుతుంది, దాని రెండు కొసల వైపు నుంచి వచ్చేది వినబడదు. కొసల వైపు దానికి చెవుడు. మనం ఆ చెవుడు వైపుని మేడకి తిప్పాం. స్టేషను కొంచెం తగ్గింది, గోడ పూర్తిగా తగ్గింది. "ముల్లుకి దణ్ణం పెట్టకు, చెవికి పెట్టు" అన్నాడు. ఇంకో సంగతి. సముద్రపు గాలికి ఆ యాంటెన్నా అతుకుల మీద తెల్లగా బూజులాంటిది పట్టి ఉంది. బ్లేడుతో గీకి, మళ్లీ అతికి, పైన కొవ్వొత్తి మైనం కరిగించి పోశాం. ఆ రోజు సెట్టుకి ఒక్క మర కూడా విప్పలేదు. అయినా మాకు డబ్బిచ్చి, పైగా భోజనం పెట్టి పంపారు.

విప్పాల్సినవి లేవని కాదు. ఉన్నాయి. లోపల 10.7 మెగాహెర్ట్జుల దగ్గర కొన్ని కాయిళ్లు ఉంటాయి. ఏళ్లు గడిస్తే అవి కొంచెం పక్కకి జరుగుతాయి, పాట గరుకెక్కుతుంది. కుడిపక్క ముల్లు నడుమ నిలబడినా అప్పుడు ధ్వని బాగుండదు, కాస్త పక్కకి తిప్పితేనే బాగుంటుంది. ఆ గుర్తు కనబడితేనే లోపలికి చెయ్యి పెట్టాలి. అదీ ఇనప స్క్రూడ్రైవరుతో కాదు. ఇనుము దగ్గరికి వెళితే చాలు కాయిల్ లెక్క మారిపోతుంది, కోరు కూడా పెళుసు, పుటుక్కున విరుగుతుంది. నేను ప్లాస్టిక్ అల్లికసూదిని బ్లేడుతో చెక్కి నలభై ఏళ్లు వాడాను. ఎంతమంది మెకానిక్కులు చేతిదురదకి ఆ కోర్లన్నీ తలో చుట్టు తిప్పి నా దగ్గరికి పంపారో! బుస్సుమన్న సెట్టు బుస్సుమంటూనే ఉండేది, పైగా గరుకు కూడా తోడయ్యేది.

తరవాత స్టీరియో పిచ్చి వచ్చింది. ఎర్రదీపం వెలగాలి, అదొక హోదా. అమెరికాలో 1961లోనే ఎఫ్.ఎం. స్టీరియోకి అనుమతి వచ్చింది, అదే పద్ధతి మనకీ వచ్చింది. దాని కిటుకేమిటంటే, మామూలు సెట్టుకి కావలసిన పాట కింది అంతస్తులో ఉంటుంది. కుడి ఎడమల తేడా మాత్రం పై అంతస్తులో, 38 కిలోహెర్ట్జుల చుట్టూ దాచి పంపుతారు. 19 కిలోహెర్ట్జుల దగ్గర సన్నగా ఓ ఈల వేసి, స్టీరియో వస్తోందని సెట్టుకి గుర్తు చెబుతారు. అయితే ఎఫ్.ఎం.లో బుస్సు పైకి వెళ్లేకొద్దీ ఎక్కువ. పై అంతస్తులోంచి తేడాని దింపుకునేటప్పుడు ఆ బుస్సు కూడా దిగుతుంది. మోనోలో హాయిగా వినబడే స్టేషనుని స్టీరియోలో అంత హాయిగా వినాలంటే యాంటెన్నా నుంచి పది రెట్ల వోల్టేజి రావాలి. అందుకే మోనో అని ఓ బటనుంటుంది. అది నొక్కడానికి జనానికి నామోషీ! దూరపు స్టేషనులో హరికథ వినడానికి స్టీరియో ఎందుకర్రా?

తొంభైల్లో హైదరాబాదు వచ్చి కోఠిలో చిన్న కొట్టు పెట్టుకున్నాను. 2006లో అక్కడ ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చేసరికి మళ్లీ పాత ట్యూనర్లకి ప్రాణం లేచొచ్చింది. ఆ రోజుల్లో ఒకావిడ, కొడుకు అమెరికా నుంచి పంపిన రిసీవరు తెచ్చింది. "91.1 బాగా వస్తుంది, 98.3 బాగా వస్తుంది. నాకు కావలసిన వివిధభారతి మాత్రం ముక్కుతో పాడుతున్నట్టుంది బాబూ" అంది. బటను నొక్కి చూశాను. 102.7, 102.9. మధ్యలో 102.8 లేదు! అమెరికాలో స్టేషన్లన్నీ బేసి అంకె మీదే ఉంటాయి గనక వాళ్ల సెట్టు రెండేసి మెట్లు దూకుతుంది. మన వివిధభారతి 102.8 మీద కూర్చుంటే దానికి ఎక్కడ దొరుకుతుంది? అదృష్టం కొద్దీ వెనక మెట్టు మార్చే స్విచ్చుంది. అది జరిపితే స్టేషను దారికొచ్చింది.

కానీ ధ్వని ఇంకా మొద్దుగానే ఉంది, దుప్పటి కప్పినట్టు. దానికో కారణం ఉంది. పైస్థాయి బుస్సు తగ్గించడానికి స్టేషనువాళ్లు పైస్వరాలని కాస్త పెంచి పంపుతారు, సెట్టు అంతే తగ్గించి వినిపిస్తుంది. పెంచిన లెక్కా తగ్గించే లెక్కా ఒకటే కావాలి. మన దగ్గర ఆ లెక్క 50 మైక్రోసెకన్లు, అమెరికాలో 75. వాళ్ల సెట్టు మన పాటని అవసరానికి మించి తగ్గించేస్తోంది. లోపల వెతికితే కుడికొకటి ఎడమకొకటి, 0.015 మైక్రోఫారడ్ కండెన్సర్లు రెండున్నాయి. పీకి 0.01వి వేశాను. రెండూ కలిపి టీ డబ్బు కాలేదు. ఆవిడ విని, "లతా గొంతు తిరిగొచ్చింది" అంది. నలభై ఏళ్లలో నాకు దక్కిన బిరుదు అదొక్కటే.

కోఠిలో ఇంకో రోగం చూశాను, బూస్టరు రోగం. ఎవరో చెప్పారని యాంటెన్నాకి బూస్టరు తగిలించుకొచ్చేవారు. ఊళ్లోనే ట్రాన్స్‌మిటరున్నచోట అది గుండిగలో పోసిన అన్నాన్ని గిన్నెలో కుక్కినట్టే. ఒక స్టేషను పోయి ఇంకో స్టేషను మీద పడుతుంది, లేని చోట కూడా పాటలు పలుకుతాయి. బూస్టరు పీకేసి పంపితే, ఏమీ చేయకుండా డబ్బు తీసుకున్నాడనేవారు. ఏం చేస్తాం!

ఇక నీ సంగతి, చిన్నా. నీ పెట్టెకి కుడి ముల్లు నడుమ ఉంది, నువ్వన్నది బుస్సేగానీ గరుకు కాదు, అంటే లోపలి లెక్కలు సరిగా ఉన్నాయి. ఎడం ముల్లు లేవలేదు, అంటే ఆకలిగా ఉంది. వెనక ఏం తగిలించావు? జానెడు వైరు ముక్క, అదీ టీవీ వెనక నలిపి పడేశావు. పక్కన ఎల్.ఇ.డి. బల్బు, ఫోను చార్జరు. వాటి గోల వేరు. పెట్టె కొన్న డబ్బంతా ఆ జానెడు ముక్క మీద ఆగిపోయింది.

రేపు భోగిమంట అయ్యాక నిచ్చెన వేయండి. అమ్మడూ, నువ్వు టేపు పట్టుకో. మామూలు రాగి వైరు రెండు ముక్కలు, ఒక్కోటి 70 సెంటీమీటర్లు కొలిచి కోయండి. 102.2 మీదున్న మన బెజవాడ రెయిన్‌బోకి అది సరిపోయిన కొలత. వెదురుబద్ద మీద రెండూ ఎదురెదురుగా కట్టండి, నడుమ వేలెడు ఎడం. పాత డిష్ కేబుల్ అటకమీద చుట్ట ఉంది. దాని లోపలి తీగ ఒక ముక్కకి, పైనున్న జాలీ రెండో ముక్కకి అతకండి. అతుకు మీద మైనం పోయడం మరవకండి. ఇక్కణ్ణుంచి బెజవాడ ఉత్తరాన, ముప్పై కిలోమీటర్లు. కాబట్టి బద్ద తూర్పు పడమరలుగా ఉండాలి. అది మొదలు మాత్రమే. బెజవాడ కొండల ఊరు, కెరటం ఏ కొండకి కొట్టుకుని వస్తుందో చెప్పలేం. నాలుగువేళ్లంత అటూ ఇటూ తిప్పండి, ఒకసారి నిలువుగా కూడా పెట్టి చూడండి. ఒకరు పైన, ఒకరు కింద. కిందవాళ్లు ముల్లు చూడకండి, పాట వినండి. బాగున్నచోట తువ్వాలు ఊపండి. వానాకాలం ఉరుములొస్తే మాత్రం ముందు ఆ కేబుల్ పీకేయాలి, అది నా ఒట్టు.

దీనికంతటికీ వంద రూపాయలు కాదు. ఇది కట్టాక కూడా బుస్సుమంటే అప్పుడు స్క్రూడ్రైవరు నా చేతికివ్వండి.